నెలాఖరు

నారాయణగూడలో, జ్యూస్ బండికి పైన, రెండో అంతస్తు.
మా చిట్ ఫండ్ ఆఫీసులో ఏసీ ఉన్నది కంప్యూటర్ గదిలోనే,
అందుకని మధ్యాహ్నం వసూళ్ళ కుర్రాళ్ళంతా నా వెనకే కూర్చుంటారు.
అలా అందరి ముందూ దొరికిపోయాను.

సబేరా బేగం వచ్చింది లాడ్ బజార్ నించి,
గోళ్ళ సందుల్లో లక్క, కొంగు ముడిలో ఐదు వేలు.
జనవరి ముప్పై ఒకటిన చిట్టీలో చేరిన మనిషి.
ఫిబ్రవరి చివర వస్తే
ఇంకా గడువు రాలేదమ్మా అని పంపించారట.
మార్చి చివర వస్తే
ఇరవై ఎనిమిది రోజులు ఆలస్యం అని జరిమానా వేశారు.

స్క్రీను కేసి కాదు, నా కేసి చూసి అడిగింది:
"మాకు నెలవంక కనబడితే నెల మొదలైతది బిడ్డా.
నీ డబ్బాకి ఏం కనబడ్డది?"

ఏం కనబడిందో ఆ రాత్రి కూర్చుని చూశాను.
ఒక నెల కలుపు అన్నాను.
అది ఒకటో నెలని రెండో నెల చేసింది,
ముప్పై ఒకటిని ముట్టుకోలేదు.
ఫిబ్రవరి ముప్పై ఒకటి.
అలాంటి తేదీ లేదని దానికి తెలుసు,
లేదని చెప్పడానికే మొహమాటం.
ఎక్కువైన మూడు రోజులూ పాలలా పొంగి
మార్చి గట్టు మీద పడ్డాయి.
ఎర్ర గీత లేదు, కేక లేదు,
మర్యాదస్తుడి అబద్ధంలా చల్లగా
మార్చి మూడు.

నేను రాసింది కాదది.
భాషతో పాటే వచ్చిన లైబ్రరీ,
అద్దె ఇంటితో పాటే వచ్చిన గోడ గడియారంలాగా
ఎవరూ విప్పి చూడరు.
దాన్ని చూసుకునేవాళ్ళకి ఉత్తరం రాశాను
నా ఇంగ్లీషులో రెండుసార్లు సారీ చెప్పి.
మూడో రోజు జవాబు:
ఇది దోషం కాదు, రాసుకున్న ప్రకారమే.
ఇరవై ఏళ్ళుగా ఇంతే. ఇప్పుడు సరిచేస్తే
ఈ తప్పుని కలుపుకునే లెక్కలు సరిపెట్టుకున్నవాళ్ళు కూలిపోతారు.

కోపం రాలేదు.
మా గల్లీ మ్యాన్‌హోల్ మూత గుర్తొచ్చింది.
రోడ్డుకి జానెడు పైకి ఉండేది,
బళ్ళన్నీ దాని చుట్టూ వంకర తిరగడం నేర్చుకున్నాయి.
ఒకనాడు చదును చేశారు.
ఆ సాయంత్రమే అలవాటుకొద్దీ వంకర తిరిగి
మా శ్రీహరి బాబాయి గోడని గుద్దుకున్నాడు.

సరే, నా అతుకు నేనే వేసుకున్నాను.
ఆ రోజు ఆ నెలలో లేకపోతే ఉన్న చివరి రోజు దగ్గర ఆగు.
జనవరి ముప్పై ఒకటి, ఫిబ్రవరి ఇరవై ఎనిమిది.
కిందికి దిగి ఇరానీ చాయ్ తాగొచ్చాను.
వచ్చి ఇంకో నెల కలిపితే
మార్చి ఇరవై ఎనిమిది.
ఏప్రిల్ ఇరవై ఎనిమిది.
ఇరుకు గుమ్మంలోంచి ఒక్కసారి వంగి వచ్చిన మనిషి
ఇక జన్మంతా వంగే నడుస్తున్నట్టు.

పోయిన నెల నించి వచ్చే నెలని లెక్కపెడితే ఇంతే.
ప్రతిసారీ మొట్టమొదటి రోజు దాకా వెనక్కి పోయి
అక్కణ్ణించి నడుచుకుంటూ రావాలి.

ఆ మొదటి రోజు కోసమే తెరిచాను
సదాశివం గారు ఇప్పటికీ చేత్తో రాసే ఖాతా,
మేమంతా నవ్వుకునేది.
సబేరా బేగం, లక్క గాజులు, ఐదు వేలు.
గడువు కింద అంకె లేదు.
ఎర్ర సిరాతో ఒక్క మాట: నెలాఖరు.
నెల తెలుగుది, ఆఖరు ఉర్దూది,
ఈ ఊళ్ళోనే కలిసి కాపురం పెట్టిన మాట.
ముప్పై ఒకటి అని ఆమె ఏనాడూ అనలేదు.
నేను గీసిన గడి అంకె అడిగింది,
ఎవరో ఒకరు ఇచ్చారు.

జరిమానా నూట నలభై తిరిగి ఇచ్చాం.
రెండుసార్లు లెక్కపెట్టుకుని,
"ఇగ మళ్ళ ఎప్పుడు రావాలె?" అంది.
కంప్యూటర్ తెరిచే ఉంది.
నేను పిడికిలి బిగించి, చిన్నప్పటిలా,
మెటిక మీద ఒకటి, పల్లంలో ఒకటి,
నెలలు పెట్టుకుంటూ పోయాను.
ఏప్రిల్ పల్లంలో పడింది.
"ముప్పై," అన్నాను.
ఆమె కూడా తన పిడికిలి చూసుకుంటోంది.